పెరట్లో తంగేడు పెంచితే తేనెటీగలకు నిజంగా మేలు జరుగుతుందా?

ప్రశ్న: చెలకమట్టి (ఘట్‌కేసర్)

అందరికీ నమస్కారం. హైదరాబాదుకు తూర్పున, ఘట్‌కేసర్ దగ్గర మేము కట్టుకున్న ఇంటి వెనుక వంద గజాల దాకా ఖాళీ స్థలం ఉంది. పైన ఎర్ర చెలక మట్టి, జానెడు తవ్వితే మొరం. ఒక పక్కన వంగ, టమాటా, బెండ, సొరపాదు వేసుకున్నాము. మిగిలిన చోట, ముఖ్యంగా రోజంతా ఎండ పడే దక్షిణపు ప్రహరీ గోడ వెంట, తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ ఆసరా అయ్యే మన నేల మొక్కలను పెంచాలని నిశ్చయించుకున్నాము. అందులో మొట్టమొదట తంగేడు ఉండాలన్నది మా అత్తయ్యగారి కోరిక. నాకూ అదే ఇష్టం. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల బీళ్లలో, గుట్టల వాలులో విరగబూసిన తంగేడు పొదలు వెంచర్ల కింద పోయాయి. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఆ పువ్వును బజారులో కట్టల లెక్కన కొనుక్కోవలసి వస్తోంది. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్న మొక్క మన ఇళ్ల దగ్గర లేకుండా పోవడం మనసుకు కష్టంగా ఉంది.

నాకున్న సందేహాలు ఇవి. నర్సరీలో తంగేడు అడిగితే ఒక్కో చోట ఒక్కో రకం మొక్కను చూపిస్తున్నారు. అసలైనదాన్ని పువ్వు పూయకముందే గుర్తుపట్టడం ఎలా? విత్తనంతో పెంచుదామంటే, అది ఒక పట్టాన మొలవదని చాలామంది చెబుతున్నారు. చిక్కుడు జాతి మొక్క కాబట్టి నేలకు నత్రజని అందిస్తుందని, అందుకే కూరగాయల మధ్యలో వేసుకోవచ్చునని ఒకరు అన్నారు, అది నిజమేనా? అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. రోడ్డు పక్కన మిగిలిన పొదల దగ్గర ఉదయం పూట నిలబడి చూస్తే, పెద్ద నల్లని తుమ్మెదలు తప్ప మామూలు తేనెటీగలు అంతగా కనిపించడం లేదు. తేనెటీగలు రాని పువ్వును వాటి కోసమని పెంచడంలో అర్థం ఉంటుందా?

జవాబు: వృక్షశాస్త్ర అధ్యాపకుడు (కరీంనగర్)

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మీరు చూసినది సరిగ్గానే చూశారు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. అది తన దగ్గరికి వచ్చే కీటకానికి ఇచ్చేది పుప్పొడి మాత్రమే, ఆ పుప్పొడిని కూడా అందరికీ అందేలా బయట పెట్టదు. మందారంలోనో గుమ్మడిలోనో పుప్పొడి తిత్తులు నిలువునా పగిలి పొడి పైకి తేలుతుంది. తంగేడులో ఆ తిత్తులు గట్టిగా, గొట్టాల మాదిరిగా ఉండి, కొనల దగ్గర మాత్రమే చిన్న రంధ్రాలతో తెరుచుకుంటాయి. ఉప్పుడబ్బాను తలకిందులు చేసి కుదిపితే గాని ఉప్పు రాలనట్లు, ఆ గొట్టాలను ఎవరైనా గట్టిగా కంపింపజేస్తే గాని పుప్పొడి బయటికి రాదు.

ఆ పని చేయగలిగినవి కొన్ని జాతుల తేనెటీగలే. మీరు చూసిన పెద్ద నల్ల తుమ్మెద వాటిలో మొదటిది. శాస్త్రజ్ఞులు దానిని జైలోకోపా అంటారు. పొద్దున ఎండ పడిన తర్వాత పొదకు దగ్గరగా నిలబడి గమనించండి. తుమ్మెద పువ్వు మీద వాలి, పుప్పొడి తిత్తులున్న కేసరాలను కాళ్లతో కౌగిలించుకుని, కడుపు భాగాన్ని వాటి చుట్టూ వంచుతుంది. అప్పుడు రెక్కలు ఆడించకుండానే, రెక్కలను కదిలించే ఛాతీ కండరాలను మాత్రం అతి వేగంగా వణికిస్తుంది. ఎగిరేటప్పుడు వినిపించే బొంగురు ధ్వని ఆ క్షణంలో ఒక్కసారిగా సన్నగా, తీక్షణంగా మారుతుంది. చెవికి అందే ఆ మార్పే పుప్పొడి రాలుతోందనడానికి గుర్తు. మన పెట్టెల్లో పెంచే తేనెటీగకు గాని, చెట్ల కొమ్మలకు పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగకు గాని ఈ విద్య లేదు. అవి వచ్చినా తుమ్మెద వదిలిపోయిన పొడిని రేకుల మీద నుంచి ఏరుకుని వెళతాయి.

పువ్వు నిర్మాణాన్ని కూడా చూడండి, మనసు నిండుతుంది. పది కేసరాలూ ఒక్క తీరుగా ఉండవు. పైన ఉన్న మూడు పొట్టివి, వాటిలో పనికొచ్చే పుప్పొడి ఉండదు. మధ్యలోనివి తుమ్మెద పట్టుకుని ఆహారం తీసుకోవడానికి అనువుగా ఉంటాయి. కింద ఉన్న పొడవైన కేసరాలు దాని కాళ్లకు సులువుగా అందని ఒంటి భాగాల మీద పొడి చల్లుతాయి. కీలం, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కాడ, ఒక పక్కకు వంగి, తుమ్మెద మరో పువ్వు మీద వాలినప్పుడు సరిగ్గా ఆ పొడి అంటిన చోటునే తాకుతుంది. తినడానికి కొంత, మోయడానికి కొంత అని పువ్వే పంచిపెడుతుంది.

దీనివల్ల మీ కూరగాయల మడికి ఒరిగేదేమిటంటే, వంగపువ్వు, టమాటా పువ్వు కూడా ఇదే పద్ధతిలో పుప్పొడిని దాచుకుంటాయి, వాటిలోనూ తేనె ఉండదు. అవి తమంతట తామే కొంతవరకు పిందె కట్టగలవు గాని, వణికించే తేనెటీగ వచ్చి వెళ్లిన పువ్వు మెరుగ్గా కాయ కడుతుంది. కాబట్టి తంగేడు కోసం మీ ఇంటికి అలవాటు పడిన తుమ్మెదలు, ఒంటి మీద నీలి చారలుండే ఎమెజిల్లా తేనెటీగలు మీ వంగమొక్కలను కూడా పలకరిస్తాయి. మామూలు తేనెటీగల సంఖ్యను బట్టి తంగేడు విలువను కట్టకండి. మనం సాధారణంగా పట్టించుకోని తేనెటీగలను అది పోషిస్తోంది.

అయితే ఒక్క తంగేడుతో సరిపోదు. తుమ్మెదకు పుప్పొడి తన పిల్లల కోసం కావాలి, ఎగరడానికి శక్తి కోసం తేనె కావాలి. ఆ తేనె పక్కనే దొరికే ఏర్పాటు చేయండి. గోడ మూలలో ఒక వావిలి పొద, దాని ముందు తుమ్మి, తులసి, మడి గట్టు మీద రెండు కంది మొక్కలు ఉంటే మామూలు తేనెటీగలకూ తుమ్మెదలకూ కూడా ఆధారం దొరుకుతుంది. జిల్లేడు తనంతట తానే మొలిస్తే పీకేయకండి. దాని ప్రధాన పరాగ సంపర్క కారకం ఈ తుమ్మెదే. పాల విషయంలో పిల్లలను దూరంగా ఉంచితే చాలు.

నత్రజని సంగతి: తంగేడు చిక్కుడు కుటుంబానికి చెందినదే గాని, అది చేరే సెన్నా ప్రజాతి మొక్కల వేళ్ల మీద సాధారణంగా నత్రజనిని స్థిరీకరించే బుడిపెలు ఏర్పడవు. ఆ లాభం ఆశించి దానిని వంగమళ్ల మధ్యలో వేయవద్దు. దాని రొట్టను పూర్వం నాట్లకు ముందు దమ్ములో తొక్కేవారు, ఆకు కుళ్లి ఎరువయ్యేది. అది వేరే ప్రయోజనం.

ఇక గుర్తుపట్టడం. పాత పుస్తకాలలో ఇది కాసియా ఆరిక్యులేటా అని, ఇప్పటి పుస్తకాలలో సెన్నా ఆరిక్యులేటా అని ఉంటుంది. లేత కొమ్మను పట్టుకుని, ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోట చూడండి. అక్కడ రెండు వైపులా చెవి తమ్మెల్లా గుండ్రని చిన్న ఆకులు ఊడిపోకుండా నిలిచి ఉంటాయి. తర్వాత ఆకు ఈనె పొడవునా ప్రతి జత చిట్టి ఆకుల మధ్య ఒక సన్నని గ్రంథి నిలబడి ఉంటుంది. ఈ రెండూ ఉంటే అది తంగేడే. నీడ కోసం రోడ్ల వెంట నాటే సీమ తంగేడుకు ఆ గ్రంథులు ఉండవు, అది పెద్ద చెట్టవుతుంది. డివైడర్లలో అలంకారానికి పెంచే సెన్నా సురటెన్సిస్‌కు గ్రంథులు మొదటి రెండు మూడు జతల దగ్గరే ఉంటాయి, చెవి ఆకుల స్థానంలో సన్నని పోగుల వంటివి ఉంటాయి. గంటల్లాంటి పసుపు పూల టెకోమాను కూడా కొందరు అంటగడుతుంటారు. అది అమెరికా ఖండాల మొక్క, తంగేడుకు చుట్టం కూడా కాదు.

జవాబు: మెట్టరైతు (అనంతపురం)

అధ్యాపకులు గారు చెప్పిన తర్వాత పువ్వు గురించి నేను కలపవలసినది లేదు. విత్తనం, నాటడం గురించి చెబుతాను. మా జిల్లాలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టూ. ఆ వానతోనే తంగేడు గట్ల మీద, వంకల పక్కన ఏ పోషణా లేకుండా బతుకుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మీరు దానికి చేయవలసిన పనులకన్నా చేయకూడని పనులే ఎక్కువని అర్థమవుతుంది.

కాయలు పలుచగా, కాగితం ముక్కల్లా, గింజ గింజకూ మధ్య నొక్కినట్లు ఉంటాయి. అవి లేత గోధుమ రంగుకు తిరిగి, చేతితో నలిపితే పెటిలిపోయే దశలో కోయాలి. పచ్చిగా కోసినవి పనికిరావు. గింజలను నీళ్లలో వేస్తే తేలినవి చాలావరకు పుచ్చువి. సన్నని రంధ్రం ఉన్నదాన్ని చూడగానే తీసేయండి. మంచి గింజ మొలవకపోవడానికి కారణం దాని పెంకు. అది నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో ఎండకూ వానకూ ఏళ్ల తరబడి నాని ఆ పెంకు సడలుతుంది, మనం ఆ పనిని ఒక్క రాత్రిలో చేయాలి. కొద్ది గింజలైతే గరుకు కాగితం మీద ఒక అంచును రుద్ది, లోపలి తెల్లదనం కొద్దిగా కనిపించగానే ఆపి, రాత్రంతా నీళ్లలో వేయండి. ఎక్కువ గింజలైతే నీటిని మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, గింజలను అందులో పోసి అలాగే చల్లారనివ్వండి. తెల్లవారేసరికి కొన్ని ఉబ్బి రెండింతలవుతాయి, కొన్ని రాయిలా అలాగే ఉంటాయి. ఉబ్బినవాటిని అదే రోజు విత్తాలి, ఉబ్బనివాటికి మళ్లీ వేడినీళ్లు పోయాలి. పొయ్యి మీద పెట్టి ఉడికించడం మాత్రం వద్దు.

తంగేడు వేరు సూటిగా లోతుకు దిగుతుంది. అందువల్ల తొలకరి పడి నేల తడిసిన తర్వాత, మృగశిర కార్తెలో, అనుకున్న చోటనే విత్తడం అన్నిటికన్నా మేలు. ఒక్కో గుంటలో మూడు నాలుగు గింజలు వేసి, బాగా లేచినదాన్ని ఉంచి తక్కినవి తుంచేయండి. సంచుల్లో పెంచాలనుకుంటే పొడవాటి సంచి తీసుకుని, వేరు అడుగు తగిలి చుట్టలు తిరగకముందే, మొక్క జానెడు ఉండగానే నేలలోకి మార్చండి. మొక్కకూ మొక్కకూ నాలుగైదు అడుగుల ఎడం ఉండాలి. మొరం తగిలితే గడ్డపారతో రెండడుగుల లోతు వదులు చేసి, తీసిన మట్టినే తిరిగి వేయండి. పశువుల ఎరువు గంపల కొద్దీ కలపవలసిన అవసరం లేదు. బలిసిన నేలలో అది ఆకు మీద పడి పువ్వు తగ్గిస్తుంది. నీరు నిలిచే చోట మాత్రం బతకదు. మొదటి ఎండాకాలం వారానికి ఒకసారి మొక్క మొదలు దగ్గర నీళ్లు పోస్తే చాలు, ఆ తర్వాత వాన మీద వదిలేయండి. కూరగాయలకు వేసిన డ్రిప్పు గొట్టాన్ని దానిదాకా సాగదీయకండి.

పశువులు దీని జోలికి పెద్దగా పోవు. అందుకే మా వైపు బీళ్లలో మిగతావన్నీ మేత కింద పోయినా తంగేడు మిగులుతుంది.

జవాబు: మిద్దెతోట (విజయవాడ)

నేల లేనివారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. తంగేడును డాబా మీద కూడా పెంచవచ్చు గాని చిన్న కుండీలో పెంచి పువ్వులు లేవని నిరాశపడవద్దు. రెండడుగుల లోతున్న డ్రమ్ము తీసుకుని, అడుగున రంధ్రాలు పెద్దవిగా పెట్టి, మట్టిలో సగం దాకా ఇసుక, ఇటుక ముక్కలు కలపాలి. కోకోపిట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువగా కలిపిన మిశ్రమం తడిని పట్టి ఉంచి దీని వేరును కుళ్లబెడుతుంది. కృష్ణా తీరపు నల్లమట్టిని అలాగే నింపినా అదే ఇబ్బంది. పూర్తి ఎండ తప్పనిసరి, పక్క భవనం నీడ పడే మూల దీనికి పనికిరాదు.

తిరిగి ప్రశ్న: చెలకమట్టి

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ వేళ ఉదయం ఆ రోడ్డు పక్క పొద దగ్గర చెవి ఆకులను, గ్రంథులను చూశాను, తుమ్మెద ధ్వని మారడమూ విన్నాను. విత్తనాలు ఆ పొద నుంచే తీసుకుంటాను. మరి రెండు సంగతులు అడగాలి. తంగేడు ఆకులను పచ్చని గొంగళిపురుగులు తినేస్తాయని విన్నాను, వంగకు కొట్టే మందునే వాటికీ కొట్టాలా? బతుకమ్మకు పువ్వు కోస్తే తుమ్మెదలకు నష్టం కాదా? ఆ పండుగ కోసమే పెంచుతున్నాము కాబట్టి కోయకుండా ఉండలేము.

జవాబు: వృక్షశాస్త్ర అధ్యాపకుడు (కరీంనగర్)

గొంగళిపురుగులకు ఏ మందూ కొట్టకండి. మీరు ఆహ్వానించిన సీతాకోకచిలుకల పిల్లలే అవి. లేత పచ్చ ఛాయ గల తెల్లని ఎమిగ్రంట్ సీతాకోకచిలుకలు, నేలకు దగ్గరగా ఎగిరే చిన్న పసుపు రకాలు సెన్నా మొక్కల లేత ఆకుల మీద గుడ్లు పెడతాయి. గుడ్డు సన్నగా, రెండు కొనలూ కూచిగా, నిలబెట్టిన బియ్యపు నూక అంత ఉంటుంది. పురుగు ఆకు రంగులోనే ఉండి, పక్కన ఒక లేత గీతతో, ఆకు ఈనె వెంట కదలకుండా పడుకుంటుంది. వెతికితే గాని కనబడదు. కొమ్మ చివర ఆకులు కొన్ని పోయినా వానల్లో తిరిగి చిగురిస్తాయి. వాటిని తినడానికి పిట్టలు, కందిరీగలు ఎలాగూ వస్తాయి.

అసలు జాగ్రత్త వంగ దగ్గర కావాలి. తుమ్మెద తంగేడు మీద నుంచి నేరుగా వంగపువ్వు మీదికి వెళుతుంది కనుక, అక్కడ కొట్టిన విషం ఇక్కడి ప్రయత్నాన్నంతా పాడుచేస్తుంది. కొమ్మ, కాయ తొలిచే పురుగు సోకి తలలు వాల్చిన చివుళ్లను ఎప్పటికప్పుడు తుంచి కాల్చేయడం, మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టడం పెరటి తోటకు సరిపోయే మార్గాలు. వేపనూనె వాడవలసి వస్తే తేనెటీగల తిరుగుడు ఆగిన తర్వాత, సాయంత్రం పొద్దుగూకే వేళ కొట్టండి.

పువ్వు కోయడం గురించి నా అభిప్రాయం గట్టిదే: తప్పక కోయండి. బతుకమ్మలో పేర్చడానికే గదా మన ఊళ్లలో ఆ పొదకు గౌరవం నిలిచింది. కోసే తీరులోనే తేడా ఉంది. బజారుకు తెచ్చేవారు కొమ్మను మొదలంటా విరుస్తారు, దానితో ఆ ఏటి గింజ కూడా పోతుంది. మీరు కొన వైపు గుత్తులను కత్తెరతో తీసుకుని, కింది గుత్తులను వదలండి. మూడు నాలుగు పొదలు ఉంటే వాటిలో ఒకదాన్ని పండుగ తొమ్మిది రోజులూ ముట్టకుండా ఉంచండి. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా ఊరంతా పువ్వు తెగిపోయే సమయంలో మీ పెరట్లో పూసిన ఆ ఒక్క పొద తుమ్మెదలకు చాలా విలువైనది.

ఇంకొక్క మాట. ఈ తేనెటీగలు పట్టు కట్టుకుని గుంపుగా బతికేవి కావు. తుమ్మెద ఎండిన కర్రలో, వెదురులో సొరంగం తొలిచి గుడ్లు పెడుతుంది; నీలి చారల తేనెటీగ మట్టిలో, మట్టి గోడల్లో గూడు కడుతుంది. స్థలమంతా టైల్సు పరిచి, ఎండుకొమ్మలన్నీ ఊడ్చేసిన ఇంట్లో పువ్వులెన్ని ఉన్నా అవి స్థిరపడవు. గోడ పక్కన నాలుగైదు ఎండు వెదురు బొంగులను వాన పడని చోట కట్టి ఉంచండి, ఒక మూల కొంత నేలను కప్పకుండా, తవ్వకుండా వదిలేయండి. తుమ్మెద ఆకారం చూసి పిల్లలు భయపడవచ్చు. మగదానికి కొండి ఉండదు, ఆడది చేత పట్టుకుని నలిపితే తప్ప కుట్టదు.

జవాబు: డాలస్ తెలుగు

ఇక్కడ టెక్సాస్‌లో బతుకమ్మ ఆడే మా వంటివారు తంగేడు గింజలు తెప్పించుకోవాలని తరచూ అనుకుంటారు. అనుమతి పత్రాలు లేకుండా విత్తనాలు ఈ దేశానికి తేకూడదు, పైగా ఇక్కడి కీటకాలకు ఇక్కడి మొక్కే అవసరం. ఈ చర్చ చదివాక నాకు తట్టినది చెబుతాను. ఇక్కడి నేలకు సహజమైన పార్ట్రిడ్జ్ పీ అనే ఏకవార్షిక మొక్క ఉంది. తంగేడుకు దగ్గరి బంధువు, పసుపు పువ్వు, పువ్వులో తేనె ఉండదు, పుప్పొడిని వణికించి తీసుకోవలసిందే. ఆ పనిని ఇక్కడ బంబుల్ బీలు చేస్తాయి. క్లౌడ్‌లెస్ సల్ఫర్ అనే పసుపు సీతాకోకచిలుక దీని ఆకుల మీద గుడ్లు పెడుతుంది. వేసవి నుంచి శరదృతువు దాకా పూస్తుంది కాబట్టి పండుగకు కూడా కొంత అందుతుంది. దీని గింజకూ గట్టి పెంకే, గరుకు కాగితం చిట్కా ఇక్కడా పనిచేస్తుంది.

జవాబు: మెట్టరైతు (అనంతపురం)

చెలకమట్టి గారు, ఒకటి మరిచిపోకముందే రాస్తున్నాను. పువ్వు ఎప్పుడూ కొత్త చిగుళ్ల చివరనే వస్తుంది. గింజ రాలిపోయిన తర్వాత, వేసవి చివర్లో, తొలి వానలకు ముందు పొదను నడుము ఎత్తున కత్తిరించండి. పక్క కొమ్మలు ఎక్కువగా లేచి పొద గుబురుగా ఉంటుంది, పువ్వు కూడా చేతికి అందే ఎత్తులో పూస్తుంది. మొదటి ఏడాది మాత్రం కత్తెర పెట్టవద్దు, వేరు నిలదొక్కుకోనివ్వండి. రోడ్డు పక్క పొద నుంచి గింజలు తీసేటప్పుడు కాయలన్నీ కోయకుండా సగమైనా దానికే వదలండి. రోడ్డు వెడల్పు చేసేవారు దానిని పీకేలోగా వీలైతే ఈ వానాకాలంలోనే విత్తుకోండి. తంగేడు గింజ ఎండబెట్టి పొడి డబ్బాలో ఉంచితే పై ఏటికి కూడా మొలుస్తుంది కనుక, మిగిలినవి మీ వీధివారికి పంచండి.